సుట్టబట్ట పెట్టిన సాలు

వజ్రమ్మ, లస్మయ్య పోట్లాడుకుంటే పక్కింటివాళ్ళకు ఒక్క ముక్క వినపడదు. సూరత్‌లో వాళ్ళుండే లింబాయత్ గల్లీలో గోడలు పలచన. ఏ ఇంట్లో కూరకు ఉప్పు ఎక్కువైందో నాలుగిళ్ళ అవతలికి తెలిసిపోతుంది. ఈ ఒక్క ఇంటి సంగతే ఎవరికీ అంతుబట్టదు. అదేదో మహా మర్యాదస్తుల ఇల్లని కాదు. లస్మయ్య ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి, ఆ మోతకు ఆయన చెవులు ఎప్పుడో మొరాయించాయి. వజ్రమ్మ అదే కార్ఖానా పై అంతస్తులో కండెలు చుట్టే మిషన్ల దగ్గర పదహారేళ్ళు కూర్చుంది. అక్కడ గొంతు చించుకున్నా లాభం లేదు. పెదవులు కదిపితే ఎదుటివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. ఆ అలవాటే ఇంటికీ వచ్చేసింది. మొగుడూ పెళ్ళాలు ఎదురెదురుగా కూర్చుని, చప్పుడు లేకుండా పెదవులాడిస్తూ, చేతులు తిప్పుతూ, కడుపునిండా తిట్టుకుంటారు. విసుగొస్తే వజ్రమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. ఆ పైన లస్మయ్య ఏమన్నా ఆమెకు చేరదు, పోట్లాట అంతటితో సరి.

వినకూడదనుకుంటే చూడకపోతే చాలు. ఈ సదుపాయాన్ని వజ్రమ్మ బయటివాళ్ళ మీద ఒక్కసారే వాడుకుంది. ఆ ఒక్కసారే ఆమెకు పదిహేడేళ్ళ పాటు గుండెలో ముల్లయి కూర్చుంది.

అది రెండువేల నాలుగులో మాట. వజ్రమ్మ జగిత్యాల పక్క పల్లె నుంచి కొత్తగా వచ్చింది. పని కోసం తిరుగుతోంది. కండెల హాల్లో చేసే బుచ్చవ్వకు క్షయ అని తేలింది, నాలుగు నెలలు పడుకుని మందులు మింగాలన్నారు. కార్ఖానాల్లో ఒక పద్ధతుంది. పనిమనిషి మంచాన పడితే బదిలీ మనిషిని తనే వెతికి పెట్టుకోవాలి, లేదా జాగా వదులుకోవాలి. బుచ్చవ్వ వజ్రమ్మకు ఊరి వరసకు అక్క. ఆమే వజ్రమ్మను చెయ్యి పట్టుకు తీసుకొచ్చి, తన స్టూలు మీద కూర్చోబెట్టి, పోగు తెగితే ఎట్లా ముడెయ్యాలో మూడు రోజులు దగ్గుతూ నేర్పింది. "నేను అచ్చేదాంక జర జూస్కో చెల్లె" అని చెప్పి పోయింది.

నాలుగు నెలలకు బుచ్చవ్వ తిరిగి వచ్చింది. ఈలోపల వజ్రమ్మ ఇంటికి రెండు జీతాల రుచి తెలిసింది. కొంచెం గాలి వచ్చే గదికి మారారు, బిడ్డను బడిలో వేశారు. బుచ్చవ్వ వచ్చి స్టూలు ముందు నిలబడింది. మిషన్లు మోగుతున్నాయి. ఆమె పెదవులు కదిలే ఉంటాయి. ఏమన్నదో మాత్రం వజ్రమ్మకు తెలియదు, ఎందుకంటే తల ఎత్తలేదు. తెగని పోగులో తెగిన చోటు వెతుకుతున్నట్టు కండె మీదే కళ్ళు పెట్టుకు కూర్చుంది. ఎదురుగా రెండు పాదాలు, అరిగిపోయిన మట్టెలు. కాసేపు అక్కడే ఉండి వెళ్ళిపోయాయి.

కార్ఖానా సేఠ్‌కు పోగు తెగకుండా ఉంటే చాలు, కూర్చున్నది ఎవరైతే ఏం. జాగా వజ్రమ్మదే అయింది. బుచ్చవ్వ మళ్ళీ హాలుకు రాలేదు, చీరలు ఇంటికి తెచ్చుకుని లేసు కుట్టే పనిలో పడింది. ఇద్దరూ ఒకే వాడలో ఉంటారు, బతుకమ్మ నాడు ఒకే చోట ఆడతారు. "మంచిగున్నవా చెల్లె?" "మంచిగున్న అక్కా." అంతకు మించి మాట లేదు. బుచ్చవ్వ ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే వజ్రమ్మ ఏడ్చి తేలికపడేది.

రెండువేల ఇరవై మార్చిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వాడలో సగం మంది ఊళ్ళకు దారి పట్టారు. వజ్రమ్మ, లస్మయ్యలకు ఊళ్ళో మిగిలింది ఓటు ఒక్కటే, అది కూడా ఉందో లేదో. బిడ్డ పెళ్ళయి భీవండిలో ఉంది, అక్కడా ఇదే గతి. అందుకని ఉండిపోయారు. లస్మయ్య పగలంతా గడపలో కూర్చుని అరికాళ్ళు నేలకు ఆనించి చూసుకునేవాడు. చెవులు పోయినా మగ్గాల అదురు ఆయనకు కాళ్ళ కింద తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. పైగా ఊరంతా మాస్కులు కట్టుకుంది. మగ్గాలు ముప్పై ఏళ్ళలో పూర్తి చెయ్యలేని పనిని గుడ్డపేలిక పూర్తి చేసింది. ఎవరి పెదవులూ కనపడక, లస్మయ్య నిజంగా చెవిటివాడయ్యాడు. రేషన్ వరసలో ఆయనకు మాట చెప్పడానికి వజ్రమ్మ మాస్కు దించితే పోలీసు లాఠీ ఎత్తేవాడు. ఆమె ఆయన్ని గోడ పక్కకు తీసుకెళ్ళి, కొంగు అడ్డం పెట్టుకుని, అందులోంచి ముఖం చూపించి చెప్పేది. కొత్తగా పెళ్ళయిన వాళ్ళలా ఏమిటీ చాటు మాటలని వాడలో నవ్వుకున్నారు.

జూన్‌లో మగ్గాలు సగం తిరగడం మొదలుపెట్టాయి. లస్మయ్యను పిలవలేదు. కండెల హాలు తలుపే తెరవలేదు. అప్పుడు వచ్చాడు ఠాకోర్ భాయ్, కూలీలను తోలే ముకాదం. కామ్రేజ్ అవతల, తాపీ నది ఒడ్డున అరటితోటల్లో గెలలు మోసేవాళ్ళు కావాలన్నాడు. ఎప్పుడూ వచ్చే కూలీలు వాళ్ళ ఊళ్ళకు పోయి రాలేదు, గెలలు చెట్టు మీదే ముగ్గిపోతున్నాయి. పోగు తప్ప ఇంకేదీ పట్టని పద్మశాలి ఆడవాళ్ళు ఇరవై ఒక్కమంది టెంపో ఎక్కారు. వాళ్ళలో వజ్రమ్మ ఉంది, బుచ్చవ్వ కూడా ఉంది. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు ఊపిరితిత్తులు చెడినది. ఆమెను మోయడానికి కాకుండా గెలలు కడిగే తొట్టి దగ్గర కూర్చోబెట్టారు. ఇరవై మంది మోసేవాళ్ళు.

కోసేవాళ్ళు వ్యారా వైపు నుంచి వచ్చిన గామిత్ ఆదివాసీలు. వాళ్ళకు పెద్ద ఉకడ్ భాయ్, నవ్వితే తప్ప నోరు విప్పని మనిషి. ఆయన బోదెకు కొడవలితో గాటు పెడితే చెట్టు మెల్లగా ఒరుగుతుంది, గెల సరిగ్గా కింద నిలబడ్డ ఆడమనిషి తల మీదికి దిగుతుంది. అక్కడి నుంచి చెట్ల సాలు పొడవునా బురదలో నడిచి తొట్టి దగ్గరికి చేర్చాలి. దారిలో నేలకు తగలకూడదు. తగిలితే కాయ మీద నల్లమచ్చ లేస్తుంది, లారీవాడు తీసుకోడు. కోసిన గెల ఆగకూడదు, మోసే మెడ వంగకూడదు. మొదటి వారం అందరూ మెడలు పట్టుకుని మూలిగారు. అరటి జిగురుకు ఉన్న నాలుగు చీరలూ గోధుమరంగు మరకలయ్యాయి. ఎంత ఉతికినా పోయే మరక కాదది.

తల మీద గెల నిలవడానికి ప్రతి ఒక్కరూ పాతచీరను మెలితిప్పి కుదురు చుట్టుకున్నారు. వాళ్ళు దాన్ని సుట్టబట్ట అంటారు. నేత ఇళ్ళ ఆడవాళ్ళు కదా, చుట్టడంలో ఎవరి పద్ధతి వారిదే, పేనిన అంచులు చూసి ఏది ఎవరిదో చెప్పెయ్యొచ్చు. పొద్దున టెంపో దిగగానే ఎవరికి వాళ్ళు తమ సుట్టబట్టను ఒక సాలు మొదట్లో పెట్టేవారు. ఆ సాలు ఆ రోజుకి ఆమెది. సాలు ఖాళీ చేస్తే ఆమె రోజు పని అయినట్టే. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ ఠాకోర్ భాయ్‌కి బాగా నచ్చింది. ముక్కు దాకా మాస్కులు, కనుబొమల దాకా కొంగులు, ముఖాలు గుర్తుపట్టే ఓపిక ఆయనకెక్కడిది? గట్టు మీద నడుస్తూ సుట్టబట్టలు ఇరవై ఉన్నాయా అని చూసుకుని, వెళ్ళి మోటారు గది నీడలో ఫోను చూసుకునేవాడు.

ఆయన పెట్టిన రూలు ఒక్కటే. వరసగా మూడు రోజులు రాకపోతే ఆ జాగాలో ఇంకొకరు. లింబాయత్‌లో పనికోసం ఎదురుచూసే వాళ్ళకు కొదవా?

ఆగస్టులో ఒకనాడు మంగ తల మీదికి గెల దించుకోవడానికి వజ్రమ్మ సాయం పట్టింది. మంగ పక్క గదిలో అత్తతో ఉండే ఇరవై మూడేళ్ళ పిల్ల, మొగుడు మే నెలలో ఊరికి పోయి ఇంకా రాలేదు. ఆ పిల్ల జబ్బ తగిలితే వజ్రమ్మ అరచెయ్యి కాలింది.

"నీకు జరమున్నది గదే" అంది వజ్రమ్మ.

"ఎవ్వలకు జెప్పకు పెద్దమ్మా" అంది మంగ, కళ్ళ నిండా నీళ్ళు. "రాకపోతే నా జాగ పోతది."

జాగా పోతుందన్న ఆ మాట వజ్రమ్మకు ఎక్కడ తగిలిందో మంగకు తెలియదు. వజ్రమ్మ చూపు తనకు తెలియకుండానే తొట్టి వైపు పోయింది. బుచ్చవ్వ వంగి గెలలు కడుగుతోంది. ఆ సాయంత్రం టెంపో దిగాక వజ్రమ్మ మంగ గడప దాకా వెళ్ళి చెయ్యి చాచింది.

"నీ సుట్టబట్ట ఇటియ్యి. నువ్వు రేపటిసంది పండుకో."

"మరి సాలు?"

"సాలు యాడికి పోదు. మేమున్నం."

మర్నాడు టెంపోలో గొడవే అయింది. పద్మారాణి అని నోరున్న మనిషి ఒకామె, "మా సాల్లు మాకే ఒడుస్తలేవు, ఇంకో సాలు ఎవలు మోస్తరు?" అని లేచింది. వజ్రమ్మకు పదిమందిలో గొంతెత్తే అలవాటు లేదు. మాస్కు దించి, తన మాట వినాలంటే ముఖం చూడక తప్పదన్నట్టు నెమ్మదిగా అడిగింది. "మంగ జరం ఈ టెంపోల మనతోటి అచ్చుడు మంచిదా, ఇంట్ల ఉండుడు మంచిదా? జాగ పోతదని బుగులు పెడితే అందరం జరం దాసుకోనే అస్తం. అప్పుడు ఒక్క సాలు గాదు, ఇర్వై సాల్లు ఖాళీ." పద్మారాణి మాస్కు ముక్కు మీదికి గట్టిగా లాక్కుని కూర్చుంది. అదే ఆమె ఒప్పుకోవడం.

ఆ రోజు నుంచి మంగ సుట్టబట్ట కూడా ఒక సాలు మొదట్లో కూర్చుంది. పంతొమ్మిది మంది ఇరవై సాళ్ళు ఖాళీ చేశారు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి మంగ ముక్కులో పుల్ల పెట్టి చూసి కరోనాయే అని తలుపుకు కాగితం అంటించి పోయారు. వజ్రమ్మ మంచి పని చేసిందని అప్పుడు పద్మారాణి కూడా అంది. మంగ భాగం మోసే వంతు ఎవరిదైతే వాళ్ళు తమ సుట్టబట్ట పక్కన పెట్టి మంగదే తల మీద పెట్టుకునేవారు. అలా పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. ఠాకోర్ భాయ్ రోజూ గట్టు మీద నడిచి, ఇరవై లెక్క సరిపోయిందని సంతోషించి, నీడకు పోయేవాడు.

పదకొండో రోజు పొద్దున తోట యజమాని పటేల్ కాకా కొత్త మాస్కులు తెచ్చాడు. మంచి మనసుతోనే తెచ్చాడు పాపం. మోసేవాళ్ళు ఇరవై, తొట్టి దగ్గర ఒకరు, మొత్తం ఇరవై ఒకటి. పంచితే ఒకటి మిగిలింది. ఠాకోర్ భాయ్ మిగిలిన మాస్కు వంక చూశాడు, సుట్టబట్టలు చూశాడు, అప్పుడు గానీ మనుషుల్ని లెక్కపెట్టాలని ఆయనకు తోచలేదు. సాలు సాలుకీ పోయి సుట్టబట్ట ఎత్తి, "యే కిస్‌కా?" అని అడగడం మొదలుపెట్టాడు. మేరా, నాదేనంటూ అందరూ చెప్పారు. పన్నెండో సాలు దగ్గర ఎవరూ పలకలేదు.

"మంగానా? ఆ పిల్లకు బీమారీ అని విన్నాను. అంటే ఇన్నాళ్ళూ నాకు టోపీ పెట్టారా?" ఆయన హిందీలో అరిచిన దాని సారాంశం అది. "మంగా పేరు ఈ రోజుతో కట్. ఇక ముందు ఎవరికి బుఖార్ వస్తే వాళ్ళ పేరు కట్." అంటూ చేతిలోని మంగ సుట్టబట్టను పక్కనున్న నీళ్ళ కాలువలోకి విసిరేశాడు.

వజ్రమ్మ చెప్పులు విప్పి, మోకాటి లోతు నీళ్ళలో దిగి, కొట్టుకుపోతున్న సుట్టబట్టను పట్టుకుంది. గట్టెక్కి పిండింది, దులిపింది, తీసుకెళ్ళి మళ్ళీ పన్నెండో సాలు మొదట్లో పెట్టింది. ఠాకోర్ భాయ్ ఆమె ముఖం మీదికి వచ్చి ఇంకా అరుస్తున్నాడు. ఆమెకు ముఖం పక్కకు తిప్పుకుంటే చాలు, ఆ అరుపులేవీ తనకు చేరవన్న పాత అలవాటు గుర్తొచ్చింది. తిప్పుకోలేదు. ఆయన నోటినే చూస్తూ ఆఖరి మాట దాకా విన్నది.

"భాయ్, ఔరత్ బీమార్ హై, మరీ నహీ" అంది, జబ్బుపడింది గానీ చచ్చిపోలేదని. "ఏ ఉస్‌కా జగా హై."

మొదట కదిలింది బుచ్చవ్వ. తొట్టి దగ్గర మనిషి, ఆమెకు సాలూ లేదు, సుట్టబట్టా లేదు. తడి చేతులు తుడుచుకునే తువ్వాలను నడుము నుంచి విప్పి, మెలితిప్పి చుట్టి, తెచ్చి మంగ సుట్టబట్ట పక్కన పెట్టింది. దగ్గుతూ వెళ్ళి గట్టు మీద కూర్చుంది. వజ్రమ్మకు ఆమెను చూసే ధైర్యం లేకపోయింది. పద్మారాణి తన సాలు దగ్గరికి పోయి సుట్టబట్ట ఎత్తుకొచ్చింది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. అన్నీ ఒకే సాలు మొదట్లో కుప్ప అయ్యాయి. మిగతా సాళ్ళ మొదట్లో ఒక్కటీ లేదు.

అప్పటికి ఉకడ్ భాయ్ మొదటి చెట్టు కింద కొడవలి ఎత్తి ఉన్నాడు. ఆ కుప్పను చూశాడు. తాపీగా కొడవలిని అరటాకుకు తుడిచి నడుముకు దోపుకున్నాడు. పటేల్ కాకా ఎందుకని అడిగితే ఆయన చెప్పిన జవాబు చాలా చిన్నది. మోసే తల లేకుండా కోస్తే గెల నేల మీద పడుతుంది, నేల మీద పడే గెల నేను కోయను. ఆయన మనుషులంతా కొడవళ్ళు దోపుకుని ఆడవాళ్ళ పక్కన, రెండు మూరల దూరం పాటించి మరీ కూర్చున్నారు. మధ్యాహ్నం లారీ ఖాళీగా తిరిగిపోయింది.

ఠాకోర్ భాయ్ వాళ్ళను ఇంటికి చేర్చలేదు. కామ్రేజ్ దాకా నడిచి, అక్కడ దొరికిన బండ్లు పట్టుకుని చీకటి పడకముందే వాడ చేరారు. మర్నాడు టెంపో రాలేదు. అమ్రోలి నుంచి వేరే కూలీలను తోలుకుపోయాడని తెలిసింది. మంగ తలుపు సందులోంచి ఏడ్చింది, నా ఒక్కదాని కోసం ఇందరి పొట్ట కొడతారా పెద్దమ్మా అని. వజ్రమ్మ ఆమెకు గట్టిగానే జవాబు చెప్పింది గానీ తన గుండెలోనూ అదే భయం. ఇంటికొచ్చి లస్మయ్య ముందు కూర్చుని, చప్పుడు లేకుండా అంతా చెప్పింది. ఇరవై మంది జాగాలూ పోతే ఆ పాపం నాదే కదా అంది. లస్మయ్య ఆమె పెదవులు ఆగేదాకా చూశాడు. తర్వాత తను పెదవులతో కాకుండా గొంతుతోనే మాట్లాడాడు. తన గొంతు ఎంత పెద్దదో తెలియని మనిషి కదా, వాడంతా మారుమోగింది.

"ఏం పాపం? జాగ ఇడువకుండ్రి! ఒక్కలు గూడ ఇడువకుండ్రి!"

ఆ ఇంటి మాట గల్లీకి వినపడటం అదే మొదలు. ఎదురింటి పద్మారాణి తలుపు తీసి, "ఇనవడ్డది మామా, ఇనవడ్డది!" అని కేకేసింది.

అమ్రోలి కూలీలు రెండు రోజులు తోటకు పోయి ఊరికే కూర్చుని వచ్చారు, ఎందుకంటే ఉకడ్ భాయ్ మనుషులు కొడవలి తీయలేదు. గెలలు చెట్టు మీదే పసుపు తిరుగుతున్నాయి. నాలుగో రోజు పొద్దున గల్లీ చివర టెంపో హారన్ మోగింది. ముందు సీట్లో పటేల్ కాకా స్వయంగా కూర్చుని ఉన్నాడు. జబ్బుపడిన మనిషి సాలు ఆమెదే, మిగతావాళ్ళు ఖాళీ చేస్తారు, ఆ రోజు కూలీ ఆమెకే చేరుతుంది. తొట్టి దగ్గర సబ్బు, మంచినీళ్ళ డ్రమ్ము. ఇవీ పటేల్ కాకా ఒప్పుకున్నవి. ఇదంతా తన ఆలోచనేనని ఠాకోర్ భాయ్ తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనివ్వండి, మనకేం పోయింది.

మంగ తేరుకుని పనికి వచ్చిన రోజున ఆ రోజు సాలు మొదట్లో తన సుట్టబట్ట చూసుకుని, దాన్ని ముఖానికి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దీపావళికి ముందు ఆడవాళ్ళూ ఉకడ్ భాయ్ మనుషులూ కలిసి సంఘం పెట్టుకున్నారు. పైన పేరు గుజరాతీలో, కింద సంతకాలు సగం తెలుగులో, మిగతావి వేలిముద్రలు. ఆ కాగితం ఏదో ఆఫీసులో ఇప్పటికీ ముద్ర కోసం ఎదురుచూస్తోంది. సంఘానికి పెద్దగా వజ్రమ్మను ఎన్నుకున్నారు. గొంతు బయటికి రాని మనిషిని ముందు నిలబెట్టడం వింతే. కానీ ఆమె మాట్లాడితే అందరూ పని ఆపి ఆమె ముఖం చూడాల్సి వచ్చేది, అది బాగానే పనికొచ్చింది. ఆ చలికాలంలో మరో నలుగురు జబ్బుపడ్డారు. నలుగురి సాళ్ళూ నిలిచాయి.

ఇరవై ఒకటి ఏప్రిల్‌లో జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. ఈసారి రోజంతా అంబులెన్సులే. వాడలో వరసగా తెలిసిన ముఖాలు మాయమవుతున్నాయి. ఒక పొద్దున వజ్రమ్మకు ఒళ్ళు నొప్పులతో మెలకువ వచ్చింది. జ్వరం. అందరికీ దాచొద్దని చెప్పిన మనిషి, మాస్కు మీద మాస్కు కట్టుకుని, టెంపో చివర ఎవరికీ తగలకుండా అంచున కూర్చుని పోయింది. పెద్ద తప్పే చేసింది, కాదనలేం. సంఘం పెద్ద పడుకుంటే ఎట్లా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. అది నిజం కాదు. ఒకరి జాగాలో పదహారేళ్ళు కూర్చున్న తనకు, నా జాగా కాపాడండి అని అడిగే ముఖం లేదనుకుంది.

సాలు సగంలో ఆమె మోకాళ్ళు వంగాయి. తల మీది గెల దబ్బున నేల మీద పడింది. పది నెలల్లో ఆమె చేతిలో నేలకు తగిలిన మొదటి గెల. బుచ్చవ్వ తొట్టి దగ్గర్నుంచి లేచి వచ్చి, తడి చెయ్యి ఆమె మెడ మీద పెట్టి చూసింది. తర్వాత ఆమె తల మీంచి సుట్టబట్టను తీసేసుకుంది.

"ఇంటికి పో."

"సాలు సగమే అయింది అక్కా."

"పో అంటున్న గదా."

సుట్టబట్ట చంకలో పెట్టుకుని బుచ్చవ్వ వెనక్కి నడిచింది. అది ఎక్కడ పెట్టబోతోందో చూసే శక్తి కూడా లేక వజ్రమ్మ కళ్ళు మూసుకుంది.

ఇరవై రెండు రోజులు. ఆస్పత్రిలో మంచాలు లేవన్నారు, గదిలోనే మూలన పడుకోబెట్టారు. లస్మయ్య గడపలో. మధ్యన ఒక చీర తెర. ఆమె ముఖాన మాస్కు, ఆయనకు ఒక్క మాట తెలియదు. "మాస్కు జర దియ్యి, ఏమంటున్నవో!" అని ఆయన అరిచేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది, నీకు అంటుకుంటుందని. చివరికి వేళ్ళతో ఒక భాష పెట్టుకున్నారు. ఒక వేలు నీళ్ళు, రెండు వేళ్ళు జావ. అరచెయ్యి గుండెల మీద పెట్టి ఒత్తితే ఊపిరాడటం లేదని. అది చూసిన రోజున లస్మయ్య ఆక్సిజన్ సిలిండర్ కోసం ఊరంతా తిరిగాడు, కనపడ్డ ప్రతి మాస్కునూ బతిమాలుతూ, వాళ్ళ జవాబులు తెలియకుండానే. సిలిండర్ దొరికింది. ఎవరు ఇచ్చారో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

మంగ రోజూ సాయంత్రం గడప ముందు జావ గిన్నె పెట్టి, "ఎట్లున్నవు పెద్దమ్మా?" అని కేకేసేది. నా సాలు ఉందా అని ఒక్క మాట అడిగితే తెలిసిపోయేది. వజ్రమ్మ అడగలేదు. ఈ కొత్త జబ్బుతో సగం టెంపో ఖాళీ అయిందని, ఠాకోర్ భాయ్ కొత్తవాళ్ళను తెస్తున్నాడని లస్మయ్య చూసొచ్చి చెప్పాడు. ఇందరు పడిపోయాక ఇంకా ఎవరి సాలు ఎవరు నిలుపుతారు? పాత అలవాటు ప్రకారం ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఇరవై మూడో నాడు లేచి, గోడ పట్టుకుని గల్లీ చివరికి నడిచింది. టెంపో అప్పటికే వచ్చి ఉంది, ఇంజన్ మోగుతోంది. సుట్టబట్ట లేని తల మీద కొంగు కప్పుకుని, పని అడగడానికి వచ్చిన కొత్త మనిషిలా వారగా నిలబడింది. లోపల ఏడెనిమిది ముఖాలు కొత్తవి. ఒక కొత్త పిల్ల ఎక్కి, అంచున ఖాళీగా ఉన్న చోట కూర్చోబోయింది.

"అటు జరుగు బిడ్డా" అన్న గొంతు వినపడింది. "ఆడ ఒక మనిషున్నది."

అది బుచ్చవ్వ గొంతు. ఆమె పక్కన, బల్ల మీద, వజ్రమ్మ సుట్టబట్ట ఉంది. మనిషికి ఎంత చోటు కావాలో అంత చోటు మధ్యన అదొక్కటే కూర్చుని ఉంది. ఇరవై రెండు రోజులూ దాన్ని బుచ్చవ్వ సాయంత్రం ఇంటికి తీసుకుపోయి, పొద్దున తెచ్చి, సాలు మొదట్లో పెట్టిందని మంగ తర్వాత చెప్పింది. మోసింది అందరూనట. మనుషులు సరిపోని మూడు రోజులు మాత్రం, ఎవరెంత వద్దన్నా వినకుండా, బుచ్చవ్వ అరవై ఏళ్ళ మెడ మీదే గెలలు వెళ్ళాయట.

మంగ చెయ్యిచ్చి పైకి లాగింది. వజ్రమ్మ సుట్టబట్టను చేతుల్లోకి తీసుకుంది. అరిగిన చోటల్లా కొత్త గుడ్డ చుట్టి ఉంది, బుచ్చవ్వ కట్టే నీలం చీర ముక్క. దాని మీద అప్పుడే గోధుమరంగు మరకలు. టెంపో కదిలింది, రేకులన్నీ కండెల హాలులా మోగుతున్నాయి. వజ్రమ్మ బుచ్చవ్వ ఎదురుగా తిరిగి కూర్చుని మాస్కు కిందికి దించింది. చప్పుడు లేకుండా, పెదవులతోనే అడిగింది.

"అక్కా, ఆనాడు నువ్వు నా ముందట నిలవడ్డవు. ఏమన్నవో నేను సూడలే. సూడాలని లేకుండె. ఏమన్నవక్కా?"

బుచ్చవ్వ తనూ మాస్కు దించింది. పదిహేడేళ్ళ తర్వాత ఆమె పెదవులు మళ్ళీ కదిలాయి.

"నాకింకా దగ్గు తగ్గలే, ఇంకో నెల నువ్వే కూసో చెల్లె అన్న. గదే."

వజ్రమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారి గడ్డం మీది మాస్కులోకి ఇంకాయి. తుడుచుకోలేదు. కామ్రేజ్ వంతెన దాటేదాకా, తోట దగ్గర టెంపో ఆగేదాకా, ఆమె ఒక్కసారి కూడా ముఖం పక్కకు తిప్పుకోలేదు.